నా దొంగ ఉపవాసాల నుండి విడుదల

రెండేళ్ళపాటు నా సంతోషమంతా ఒక గాజు గొట్టంలో ఉండేది సహోదరులారా! పొద్దున్నే లేచి, గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కలు మూత్రం వేసి, స్పిరిట్ దీపం మీద మరిగించి, రంగు ఏమవుతుందా అని ఊపిరి బిగబట్టి చూసేవాణ్ణి. నీలంగానే నిలిస్తే మూత్రంలో చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొంచెం, పసుపు అయితే ఇంకొంచెం, నారింజ అయితే ఎక్కువ, ఇటుక రంగు అయితే చాలా ఎక్కువ. నీలం వచ్చిన రోజు ఈల వేసుకుంటూ పనికి పోయేవాణ్ణి, ఇటుక రంగు వచ్చిన రోజు ఎవరు పలకరించినా జవాబు ఇచ్చేవాణ్ణి కాదు, అన్నం మీద కోపం, మనుషుల మీద కోపం, అందరికంటే ఎక్కువ నా మీద నాకే కోపం.

నాకు షుగర్ జబ్బు ఉంది. డిప్లొమా చివరి సంవత్సరంలో ఉండగా పట్టుకుంది. కడివెడు నీళ్ళు తాగినా దాహం తీరదు, తిన్నది ఒంటికి పట్టదు, రెండు నెలల్లో నా చొక్కాలు ఇంకెవరివో అన్నట్టు ఒంటి మీద వేలాడాయి. పరీక్ష చేసిన డాక్టరుగారు మెత్తగానే చెప్పారు, ఇది పోయే జబ్బు కాదు, ఇన్సులిన్ సూది రోజూ వేసుకోవాలి, ఒక్కరోజు కూడా మానకూడదు, వేళకు తినాలి, అలా చేస్తే అందరిలాగే బతకవచ్చు అని. ఆయన చివర చెప్పిన మాట నాకు వినబడలేదు. పోయే జబ్బు కాదు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి.

మా వాళ్ళు మల్లాపూర్ దగ్గర ఒక ఊరికి దొరలు. అన్నలు, అంటే నక్సలైట్లు, వచ్చి మా పొలాల్లో ఎర్రజెండాలు పాతిన తర్వాత మా నాన్న ఊరు విడిచి జగిత్యాలలో కిరాయి ఇంట్లోకి వచ్చారు. ఉన్న పేరు పోయిందని ఆయన బాధ. దాని మీద నా జబ్బు! ఆసుపత్రి మెట్లు దిగుతుండగానే నా భుజం పట్టుకొని అన్నారు, "ఈ ముచ్చట ఈడనే పాతిపెట్టురా. సూదులు పొడుసుకునెటోనికి పిల్లనెవ్వలిస్తరు, కొలువెవ్వలిస్తరు? నీకు నాకు తప్ప మూడో మనిషికి తెల్వొద్దు." నేను సరేనన్నాను. ఆ సరే అన్న ఒక్క మాటతో నా చెర మొదలైంది.

కోరుట్లలో మోటార్లకు వైండింగ్ కట్టే షాపులో పనికి కుదిరాను. కిరాయి గదిలో కొత్త కుండ తెచ్చి, తడి ఇసుక పోసి, చల్లగా ఉండాలని ఇన్సులిన్ సీసాను డబ్బాలో పెట్టి దాని మధ్యలో దించి, పైన మూత పెట్టాను. ఒక నోటుపుస్తకం కొని గీతలు కొట్టాను. మొదటి గడిలో వేళ, రెండో గడిలో ఎన్ని యూనిట్లు, మూడో గడిలో ఏం తిన్నాను, నాలుగో గడిలో రంగు. ఇంతవరకు డాక్టరుగారు చెప్పినదే. ఐదో గడి మాత్రం నా సొంతం. దాని పైన 'తప్పు' అని రాసుకున్నాను. రంగు చెడిన రోజు ఏ తప్పు వల్ల చెడిందో వెతికి అందులో రాయాలి. మామిడిపండు తిన్నాను, సూది ఆలస్యమైంది, మనసులో ఒకర్ని తిట్టుకున్నాను, ఇలా. ఒక్కోరోజు అన్నీ సరిగ్గా చేసినా ఇటుక రంగు వచ్చేది. అలాంటి ఒకరోజు ఏం రాయాలో తోచక, 'దేవుడు ఉంటే ఆయనకు నేనంటే ఇష్టం లేదు' అని రాశాను. ఆ పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది.

అలాంటి దినాల్లో అక్కడి క్రైస్తవ సంఘం వారి యాంప్లిఫయర్ కాలిపోయింది, బాగుచేయడానికి నేను పోయాను. ప్రభువు మనుషుల్ని ఎన్నో విధాలుగా పిలుస్తాడు, నన్ను మాత్రం కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వాసనతో పిలిచాడు! పని అయ్యాక, మైకు సరిగా పలుకుతుందో లేదో చూడాలని కూర్చున్నాను. పాస్టరుగారు ఆ రోజు ప్రయాసపడి భారం మోయుచున్న వారలారా అన్న వాక్యం మీద మాట్లాడారు. మైకును చూడాలని కూర్చున్నవాణ్ణి ఆ మాట దగ్గర ఆగిపోయాను. తర్వాత ఆదివారం మైకు బాగానే ఉన్నా పోయాను. ఏడాది తిరిగేసరికి బాప్తిస్మం తీసుకున్నాను. మా నాన్న కోపపడ్డారు కానీ, చివరికి ఒకే మాట అడిగారు, "గా జబ్బు సంగతి ఆళ్ళకు చెప్పలేదు గద?" చెప్పలేదన్నాను. ఆయన నిమ్మళపడ్డారు.

మా సంఘంలో ప్రతి మంగళవారం ఒక్కో ఇంట్లో ప్రార్థన జరుగుతుంది. ప్రార్థన అయ్యాక ఆ ఇంటివాళ్ళు చాయ పోస్తారు. ఎవరి ఇంట్లో చాయ ఎంత తియ్యగా ఉంటే వాళ్ళ ప్రేమ అంత ఎక్కువని లెక్క! గ్లాసు అడుగున కరగని చక్కెర కనబడాలి. మొదటి మంగళవారం నా ముందు గ్లాసు పెట్టారు. చక్కెర లేకుండా ఇమ్మంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే మూడో మనిషికి తెలుస్తుంది. అప్పుడు నా నోటికి వచ్చిన మాట ఇది: "నేను ఈ రోజు ఉపవాసంలో ఉన్నాను."

అయ్యో, సహోదరులారా! ఒక్కసారి అన్న అబద్ధం ప్రతి మంగళవారం ఆకలేసి వస్తుంది. రెండో వారం ఉపవాసం, మూడో వారం ఉపవాసం. విశ్వాసుల ఇంటి పెళ్ళిలో లడ్డు పెడితే ఉపవాసం. ప్రేమవిందులో పాయసం పోస్తే ఉపవాసం. ఆరు నెలల్లో కోరుట్ల చుట్టుపక్కల సంఘాల్లో నాకు గొప్ప ఉపవాసపరుడనే పేరు వచ్చింది! పెద్దవాళ్ళు తమ పిల్లలకు నన్ను చూపించి, ఈ అన్నను చూసి నేర్చుకోండి అనేవారు. నేను ఆ మాట విని తల వంచుకుంటే, అది కూడా వినయమే అనుకునేవారు.

ఒక్క మనిషి మాత్రం నమ్మలేదు. ఆమె పేరు రూతమ్మ. బీడీలు చేసి బతికే విధవరాలు, మా సంఘం ప్రార్థన చేసుకునే గుడి గోడకు ఆనుకొనే ఆమె ఇల్లు. ఆమెది మా ఊరే. ఆమె భర్త మా తాతగారి ఇంట్లో వెట్టి చేశాడు. నేను ఆ దొర మనుమణ్ణని ఆమెకు మొదటి రోజే తెలుసు. ఒక మంగళవారం ప్రార్థన ఆమె ఇంట్లో జరిగింది. ఆమె నా ముందు గ్లాసు పెట్టింది, నేను చేయి అడ్డం పెట్టాను. ఆమె గ్లాసు తీసుకుంటూ, అందరికీ వినబడేలాగే అన్నది, "చిన్నదొరకు మా ఇండ్లకు అచ్చినప్పుడే ఉపవాసం అస్తది. షాపుల మాత్రం డబ్బ ఇప్పి మంచిగనే తింటడు, నేను కండ్లార చూసిన."

కొందరు ఆమెను కసిరారు. పాస్టరుగారు "అట్ల అనొద్దు రూతమ్మా, ఆయినకు ప్రభువు ఇచ్చిన భారం అది" అన్నారు. నేను నిజం చెప్పేందుకు నోరు తెరిచాను, మా నాన్న ముఖం కనబడింది, మూసుకున్నాను. ఆ రాత్రి నోటుపుస్తకం ఐదో గడిలో ఏమీ రాయలేకపోయాను. ఎందుకంటే ఆమె అన్నదాంట్లో ఎంత నిజం, ఎంత తప్పు అని విడదీయబోతే నాకే తేలలేదు. చక్కెరకు భయపడి గ్లాసు వద్దన్నాను, అది నిజం. కానీ వద్దన్నప్పుడు నాకు కష్టంగా అనిపించలేదు, అదీ నిజం. అలాంటి వాళ్ళ ఇళ్ళలో ఏమీ ముట్టకూడదని మా ఇంట్లో నేర్చుకున్నది ఎక్కడో మిగిలే ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. వర్షాలు లేక, ఊళ్ళలో అటు అన్నల భయం, ఇటు పోలీసుల భయం ఎక్కువై, జనం అల్లాడిపోతున్న కాలంలో మా సంఘం పగలంతా ఉపవాస ప్రార్థన పెట్టింది. నడిపించేది ఎవరని అడిగితే అందరూ ఒక్క నోటితో నా పేరే చెప్పారు! వద్దన్నాను, అదీ వినయమే అనుకున్నారు. ఇక తప్పదని కాగితం తీసుకొని లెక్క వేశాను. సూది మానకూడదు. కాబట్టి పొద్దున ఏడింటికి కొంచెం తగ్గించి వేసుకోవాలి. గది యజమానులు సంఘం వాళ్ళే, గదిలో తింటే చూస్తారు. కాబట్టి బిస్కెట్లు, అరటిపండ్లు, చక్కెర పొట్లం సంచిలో పెట్టుకొని, షాపు వెనక కూర్చొని తిని, తొమ్మిదింటికి గుడికి చేరాలి. సాయంత్రం రంగు చూసుకోవడానికి గొట్టం, దీపం, నీలం మందు కూడా అదే సంచిలో. కాగితం మీద లెక్క చక్కగా కుదిరింది.

కూడలిలో పోలీసులు ఉంటారని నేను లెక్కలో వేయలేదు.

సంచి విప్పమన్నారు. ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. గాజు గొట్టం, స్పిరిట్ దీపం, సీసాలో నీలం ద్రావకం, రాగి తీగ చుట్ట, కటింగ్ ప్లేయరు. చివరికి నోటుపుస్తకం, అందులో పేజీ నిండా వేళలు, అంకెలు, ఇటుక ఎరుపు, ఇటుక ఎరుపు, నారింజ, ఇటుక ఎరుపు. ఎస్సైగారు నన్ను తలనుంచి కాళ్ళదాకా చూశారు. ఆయన కోస్తావైపు మనిషి.

"ఏంటయ్యా ఇదంతా? ఎక్కడ పెట్టబోతున్నావు?"

"మోటార్ల పని సార్."

"మోటారుకు అరటిపండ్లు కూడా పెడతారా?"

నాకు షుగర్ ఉంది సార్ అంటే అయిపోయేది. ఆ ఒక్క మాట అనలేకపోయాను! నక్సలైటు అనుకున్నా ఫర్వాలేదు, రోగి అని మాత్రం తెలియకూడదు! ఆలోచించండి, నా మనసు ఎంత చెడిపోయి ఉందో. అదృష్టం కాదు, ప్రభువు కృప, ఒక కానిస్టేబుల్ నన్ను గుర్తుపట్టాడు. "సార్, మన స్టేషన్ బోరు మోటారు కట్టింది ఈ పిలగాడే. మంచోడే సార్." ఎస్సైగారు సంచి మాత్రం తమ దగ్గరే ఉంచుకొని, ఎవరైనా పెద్దమనిషిని వెంట తీసుకొని వచ్చి తీసుకుపొమ్మన్నారు. నా బిస్కెట్లు, నా పండ్లు, నా చక్కెర అక్కడే ఉండిపోయాయి. ఒంట్లోకి సూది వెళ్ళి గంట దాటింది, దాని మీద ఏమీ తినకపోతే ఒంట్లో చక్కెర పడిపోయి మనిషి తెలివి తప్పుతాడు.

ఎక్కడైనా కొని తినవచ్చు గదా అంటారు. గుడి దగ్గర సగం సంఘం ఎదురుచూస్తోంది, దుకాణం ముందు నిలబడిన గొప్ప ఉపవాసపరుణ్ణి ఊహించుకొని సిగ్గుపడి సరాసరి లోపలికి పోయాను. పదకొండింటిదాకా బాగానే నడిపించాను. తర్వాత చేతులు వణికాయి. చొక్కా తడిసిపోయింది. మైకు పట్టుకొని ప్రార్థన చేస్తున్నాను కానీ ఏ మాట తర్వాత ఏ మాట రావాలో తెలియడం లేదు, అన్న మాటే అంటున్నాను, ఊరికే నవ్వుతున్నాను, నా నాలుక నా మాట వినడం లేదు. నా ముందు జనం చేతులెత్తారు. హల్లెలూయా, హల్లెలూయా! ఉపవాసపరుని మీదికి ఆత్మ దిగివచ్చాడని, అన్యభాషలు మాట్లాడుతున్నాడని, స్తుతులు ఇంకా పెరిగాయి. పాస్టరుగారు కూడా సంతోషంతో నా తల మీద చేయి ఉంచారు. నేను లోపల చీకట్లోకి జారిపోతున్నాను, బయట డప్పు మోగుతోంది!

ఆ తర్వాత జరిగినది నాకు ఇతరులు చెప్పినదే. వెనక వరుసలో కూర్చున్న రూతమ్మ లేచి, జనాన్ని తోసుకుంటూ వచ్చి, నా చేయి పట్టుకొని చూసి, గట్టిగా అరిచిందట.

"పాస్టరయ్యా, పాట ఆపుండ్రి! ఆత్మ అచ్చినోని చేతులు గిట్ల మంచు లెక్క సల్లగుంటయా? ఇది ఆకలి చెమట. పొద్దుందాంక తినక బీడీలు చేసి పడిపోయినోళ్ళను ఎంతమందిని చూసిన, నాకెర్క లేదా? జరుగుండ్రి!"

గోడ అవతలే ఆమె ఇల్లు, బీడీలు చేసే ఆడవాళ్ళ కోసం కెటిల్‌లో చాయ ఎప్పుడూ వేడిగా ఉంటుంది. ఆమె గుప్పెడు చక్కెర కలిపి తెచ్చి, నా తలను తన ఒళ్ళో పెట్టుకొని, తాగు కొడుకా తాగు అంటూ కొంచెం కొంచెంగా పోసిందట. ఇంకా మింగగలుగుతున్నాను కాబట్టి బతికాను. నాకు తెలివి వచ్చేసరికి పొగాకు వాసన వేసే చేయి ఒకటి నా మూతి తుడుస్తోంది, సంఘమంతా చుట్టూ నిలబడి ఉంది. లోపల దాచుకోవడానికి ఇక బలం లేదు.

"నాకు షుగర్ ఉంది," అన్నాను. "రోజూ సూది వేసుకుంటాను. రెండేళ్ళ నుంచి ఎవరికీ చెప్పలేదు. నేను ఒక్కరోజు కూడా ఉపవాసం ఉండలేదు."

పాస్టరుగారు తలపట్టుకున్నారు. రూతమ్మ అడిగింది, "అయితే నువ్వు భయపడ్డది నా చాయల చక్కెరకా? నాకు కాదా?"

చక్కెరకే అమ్మా అని చెప్పేసి తప్పించుకోవచ్చు. కానీ అప్పటికే రెండేళ్ళ అబద్ధాలతో అలసిపోయి ఉన్నాను. "ఎక్కువ చక్కెరకే. కొంచెం మాత్రం మా ఇంటి అలవాటు కూడా ఉంది. దాన్ని క్షమించు," అన్నాను.

ఆమె కొంగుతో నా నుదురు తుడిచింది. "మీ తాత వాకిట్ల చెప్పులు చేతుల పట్టుకొని నడిచినోళ్ళం కొడుకా మేం. మర్సిపోతమా? ఏడాది సంది పొద్దున లేస్తే దేవునికి నీ మీద ఫిర్యాదులే. ఇప్పుడు గవన్ని మళ్ళ ఎనుకకు తీసుకోవాలె, ఎంత పని పెట్టినవ్!" అని నవ్వింది. ఆ నవ్వుకు ముందు పాస్టరుగారు, తర్వాత అందరూ, చివరికి నేను. ఖాళీ కడుపులతో ఒక సంఘమంతా పగలబడి నవ్వడం మీరెప్పుడైనా చూశారా? అప్పుడు ఆమె నా తల మీద చేయి పెట్టి చేసిన ప్రార్థన నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ప్రభువా, ఈ పిల్లగాడు లెక్కలు మస్తు చేస్తడు. ఈయిన లెక్కలు కొన్ని నువ్వు తీసుకో. ఈయినను వేళకు తినిపియ్యి. మందు మర్సిపోకుంట చెయ్యి. ఒక్కడే కూసోని కుమిలిపోకుంట చెయ్యి. నేను చేసిన ఫిర్యాదులు కొట్టెయ్యి తండ్రీ. ఆమెన్."

ఆ రోజు నాకు అన్నం తినిపించి, పాస్టరుగారు, రూతమ్మ ఇద్దరూ నాతో స్టేషనుకు వచ్చారు. ఎస్సైగారికి నా నోటితో నేనే చెప్పాను, నాకు షుగర్ ఉంది సార్ అని. వింతేమిటంటే ఆకాశం విరిగి పడలేదు! ఆయన నమ్మక, చేసి చూపించమన్నారు. స్టేషను బల్ల మీద దీపం వెలిగించి చూపించాను. చాయలో అంత చక్కెర తాగానేమో, మంచి ఇటుక రంగు వచ్చింది. కానిస్టేబుల్ "అబ్బ, ఎంత మంచి రంగు!" అన్నాడు. ఎస్సైగారు అందరినీ బయటికి పంపి, తలుపు దగ్గరగా వేసి, మెల్లగా అడిగారు, "మా అమ్మకు కూడా ఇదే ఉందయ్యా. ఎవరితోనూ చెప్పదు, తిండి మానేసి ఏడుస్తుంది. ఆవిడతో ఏం మాట్లాడాలి?" మూడో మనిషికి తెలియకూడదని రెండేళ్ళు దాచినవాణ్ణి, ఆ సాయంత్రం ఒక పోలీసు అధికారి పక్కన అరగంట కూర్చొని మాట్లాడాను.

తర్వాతి వారం పాస్టరుగారు షాపుకు వచ్చారు. నేను వైండింగ్‌కు తడి తగిలిందేమోనని మీటరుతో ఒక మోటారు పరీక్షిస్తున్నాను. "రీడింగ్ తక్కువ అస్తే మోటారును తిడతవా తమ్మీ?" అని అడిగారు. లేదండి, తడి ఎక్కడుందో చూసి ఆరబెడతాను అన్నాను. "మరి నిన్ను నువ్వెందుకు తిట్టుకుంటున్నవ్?" అన్నారు. గదికి పోయి ఐదో గడి మీద రాసిన మాట కొట్టేశాను. రంగులు ఇప్పటికీ రాస్తాను, డాక్టరుగారికి చూపిస్తాను, రంగు చెడితే మందో తిండో సరిచేస్తాను. ఆ గడిలో మాత్రం ఇప్పుడు ఆ రోజు ఎవరితో మనసు విప్పి మాట్లాడానో వాళ్ళ పేరు రాస్తాను. అది ఖాళీగా ఉన్న రోజు, రంగు నీలమైనా సరే, నాకు బాగాలేని రోజే.

జగిత్యాలకు పోయి మా నాన్నకూ చెప్పాను, అందరికీ తెలిసిపోయిందని. ఆయన, "ఎవ్వలన్నా ఎక్కిరించిండ్రా?" అన్నారు. లేదు నాన్నా, భోజనానికి పిలుస్తున్నారు అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకున్నారు. తనకు కూడా నాలుగేళ్ళుగా ఛాతీలో నొప్పి వస్తోందని, ఎవరికీ చెప్పలేదని ఆ రోజే మొదటిసారి చెప్పారు! మరునాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను.

సహోదరులారా, ఇప్పుడు నేను సిరిసిల్లలో మరమగ్గాల మోటార్ల పని చేస్తున్నాను, నా జబ్బు మాత్రం పోలేదు. ఈ పొద్దున కూడా సూది వేసుకొనే ఇది రాయడానికి కూర్చున్నాను. దిగులు కూడా అప్పుడప్పుడు వస్తుంది, వర్షాకాలం ముసురులాగా రెండు మూడు రోజులు ఉంటుంది. అలాంటప్పుడు మగ్గాల సందులో పక్కనున్న నేతపనివాళ్ళకు, ఈ రెండు రోజులు నాకు మనసు బాగాలేదు, కొంచెం చూసుకోండి అని చెప్పేస్తాను. సిరిసిల్లకు పనికి వచ్చిన మొదటి రోజే షెడ్డులో నా జబ్బు సంగతి చెప్పాను, ఎక్కడ చక్కెర పెట్టానో చూపించాను. పని పోలేదు. మంగళవారం ప్రార్థన అయ్యాక ఇక్కడ మేం పదిమందిమి అరగంట ఎక్కువ కూర్చుంటాం. ఫిట్స్ దాచుకున్న వాళ్ళు, ఉబ్బసం దాచుకున్న వాళ్ళు, ఏ జబ్బూ లేకపోయినా ఏడుపు దాచుకున్న వాళ్ళు. ఎవరూ బోధించరు, ఎవరూ నీ విశ్వాసం చాలదని అనరు, మందు మానమని అసలే అనరు. ఒకరు చెబుతారు, మిగతావాళ్ళు వింటారు, నవ్వు కూడా బాగానే వస్తుంది. నన్ను సిగ్గులోనుంచి లేపి ఇలాంటి మనుషుల మధ్య కూర్చోబెట్టిన దేవునికే మహిమ, నా యూనిట్లు, నా రంగులు, నా బతుకు సమస్తం ఆయనకే!

ఇది చదువుతున్న మీలో ఎవరైనా జబ్బును మూటకట్టి దాచుకొని ఒంటరిగా మోస్తున్నారేమో. పెద్ద ప్రార్థన ఏమీ వద్దు. ఇంత చాలు: "ప్రభువా, నాకు బాగాలేదు. చెప్పుకోవడానికి ఒక మనిషిని చూపించు."

తప్పకుండా చూపిస్తాడు. మీరు కోరుకున్న మనిషి కాకపోవచ్చు, నాకైతే కాలేదు. అయినా ఆ చేయి పట్టుకోండి.